కాలని బొగ్గుకు కప్పం

ఆవిరియంత్రమనగానే జేమ్స్ వాట్ పేరు స్ఫురిస్తుంది. దానిని ఆయన గనుల యజమానులకు ఏ షరతుపై ఇచ్చాడన్నది నేను పనిచేసిన బడుల పాఠ్యపుస్తకాలలో చదివిన గుర్తు లేదు. ఆ కథ చెప్పదగినది.

ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ సీమ తగరానికి, రాగికి ప్రసిద్ధి. గనులలో ఊరే నీటిని న్యూకమెన్ యంత్రాలు తోడిపోసేవి. అవి బకాసురునివలె బొగ్గును మ్రింగేవి. ఆ సీమలో బొగ్గు దొరకదు. వేల్స్ నుండి ఓడలలో రావలసిందే. వాట్ 1769లో పేటెంటు పొందిన కొత్త పద్ధతి ఈ ఖర్చును ఎంతగానో తగ్గించింది. 1775లో ఆయన మాథ్యూ బౌల్టన్‌తో భాగస్వామి అయ్యాడు. ఆ యేడే పార్లమెంటు పేటెంటు గడువును 1800 వరకు పొడిగించింది.

వారి ఏర్పాటు ఇది. యంత్రభాగాల ఖర్చు, కట్టుబడి ఖర్చు గని యజమానివి. నమూనా చిత్రాలు, పర్యవేక్షణ వీరివి. అదే పనికి పాత యంత్రం ఎంత బొగ్గు తినేదో లెక్కగట్టి, ఆదా అయిన బొగ్గు విలువలో మూడవ వంతు వీరికి చెల్లించాలి. యంత్రపు దూలం ఎన్నిసార్లు ఊగిందో లెక్కించే సాధనాన్ని పెట్టెలో ఉంచి తాళం వేసేవారు.

మన పల్లెల కోరు సేద్యం వంటిదే ఇది. అయితే కళ్ళంలో ధాన్యపు రాశి ఇరువురి కళ్ళయెదుటా ఉంటుంది. కాలని బొగ్గును రాశి పోసి చూపడమెట్లు? పాత యంత్రాలున్నంతకాలం పోలిక కనబడింది. 1780లలో అవి ఆ సీమలో దాదాపు కనుమరుగైనాయి. పొదుపు మరపున పడింది. చెల్లింపు కప్పంగా తోచింది. రాగి ధర పడిపోయిన రోజులలో అది మరీ బరువైంది. 1790లలో కొందరు చెల్లించడం మానివేశారు. వ్యాజ్యాలు సాగి 1799లో తీర్పు వాట్ పక్షానే వచ్చింది. మరుసటి యేడే పేటెంటు ముగిసింది.

చక్రాలు త్రిప్పే యంత్రాలను మిల్లులకు ఇచ్చేటప్పుడు పోల్చడానికి పాత యంత్రమే లేదు. అందుచేత గుర్రమే కొలమానమైంది. నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తగల శక్తిని ఒక అశ్వశక్తిగా నిర్ణయించి, దానినిబట్టి ఏటా రుసుము వసూలు చేశారు. నేడు మన పొలాల మోటార్లమీద కనిపించే ‘హెచ్‌పి’ ఆ పద్దు చిహ్నమే.

1962లో బ్రిస్టల్ సిడ్లీ అనే బ్రిటిష్ సంస్థ విమానపు ఇంజనుకు ఎగిరిన గంటకింత అని నిర్వహణ రుసుము పెట్టింది. ఎగిరిన గంటలు ఇరుపక్షాల చిట్టాలలోనూ ఉంటాయి. కార్న్‌వాల్‌లో కొరవడినది అటువంటి ఉమ్మడి చిట్టాయే. ఫలితానికి వెల కట్టే ముందు దానిని ఎవరు, దేనితో కొలుస్తారో తేల్చుకోవడం ఉభయులకూ క్షేమమని నా అభిప్రాయం.