గడియారపు ముల్లుకు వేలాడిన నవ్వు

గడియార స్తంభం మీద పెద్ద ముల్లు పట్టుకుని ఒక కుర్రాడు వేలాడుతున్నాడు. కింద 50 అడుగులకు పైగా ఖాళీ. మధ్యలో ఎండకు కట్టిన గుడ్డ పందిళ్లు రెండు. పట్టు జారింది. మొదటి గుడ్డ చిరిగింది, రెండోదీ ఆగలేదు, మనిషి ధబీమని నేలకు గుద్దుకున్నాడు. తాడు లేదు, డూపు లేడు. 1983 డిసెంబరులో హాంకాంగ్‌లో విడుదలైన 'ప్రాజెక్ట్ ఎ'లోది ఈ ఘట్టం. పడింది జాకీచాన్. ఆ సినిమాకు దర్శకుడూ ఆయనే.

దీనికి మూలం 1923 నాటి అమెరికన్ మూకీ 'సేఫ్టీ లాస్ట్'. అందులో గడియారానికి వేలాడిన హెరాల్డ్ లాయిడ్‌కు అంతకు నాలుగేళ్ల ముందే ఒక ప్రమాదంలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆ లోటు కనిపించకుండా తొడుగు వేసుకుని నటించాడు. ఒళ్లు పణంగా పెట్టి నవ్వించే ఆ తరం కళాకారుల పద్ధతిని అరవై ఏళ్ల తర్వాత హాంకాంగ్ మళ్లీ పట్టుకుంది.

1973 జూలైలో బ్రూస్ లీ చనిపోయాక అక్కడి నిర్మాతలు మరో బ్రూస్ లీ కోసం వెతికారు. జాకీని కూడా ఆ అచ్చులోనే పోయాలని 1976లో 'న్యూ ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' తీస్తే అది ఆడలేదు. 1978లో యూఎన్ వూ పింగ్ తీసిన 'డ్రంకెన్ మాస్టర్'తో దారి దొరికింది. బ్రూస్ లీ కొడితే ఎదుటివాడు కూలతాడు. జాకీ కొడితే ఎదుటివాడితో పాటు జాకీ కూడా చెయ్యి విదిలించుకుంటూ గెంతుతాడు. నొప్పి తెలిసిన హీరో కాబట్టే మనకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. డెబ్బైల మొదట్లో మాండరిన్ చిత్రాల ధాటికి వెనకబడిన కాంటనీస్ సినిమా కూడా అప్పటికే హాస్యంతోనే తేరుకుంది. జనం వీధిలో మాట్లాడుకునే మాట మళ్లీ తెర మీద వినబడింది.

అయితే జాకీ ఒంట్లోని ఆ ఒడుపు సినిమా నేర్పింది కాదు. కౌలూన్‌లో యూ జిమ్ యూఎన్ అనే గురువు నడిపిన చైనా డ్రామా అకాడమీలో పెకింగ్ ఒపేరా నేర్చిన పిల్లలు జాకీ, 'ప్రాజెక్ట్ ఎ'లో అతని తోటి హీరోలు సామో హంగ్, యూఎన్ బియావో. పాట, అభినయం, పిల్లిమొగ్గలు, కత్తిసాము అన్నీ అక్కడే, తిండీ నిద్రా అక్కడే. గంటల తరబడి తలకిందులుగా చేతుల మీద నిలబెట్టేవాళ్లు. తప్పు చేస్తే బెత్తం. ఆ దెబ్బలను గురుభక్తి పేరుతో మెచ్చుకోలేను. పిల్లలను అలా పెంచకూడదు. కానీ సామో హంగ్, యూఎన్ బియావో, జాకీ ముగ్గురూ ఒకరి కదలికను మరొకరు చూడకుండానే పసిగట్టడం అక్కడ కలిసి పెరిగిన ఫలితమే. గురువు పేరులోని 'యూఎన్' శిష్యులకు రంగస్థల నామమైంది. ఒపేరాకు జనం తగ్గాక వీళ్లంతా స్టూడియోల్లో స్టంట్ కుర్రాళ్లుగా చేరారు.

మనకు ఇది కొత్త కథేం కాదు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లోనూ పిల్లలు నడక నేర్చేనాటికే రంగస్థలం ఎక్కేవాళ్లు. ఒక తేడా ఉంది. సురభి వాళ్లది రక్తసంబంధం, వీళ్లను కలిపింది గురువు బెత్తం.

ఎనభైల్లో మన తెర మీదికీ కరాటే వచ్చింది. బ్లాక్‌బెల్ట్ తెచ్చుకున్న సుమన్, సంగీత దర్శకుడు మాస్టర్ వేణు కొడుకు భానుచందర్ కలిసి 1984లో 'మెరుపు దాడి' చేశారు. నిజంగా విద్య వచ్చిన హీరోల కాలు లేస్తే హాల్లో ఈలలు పడ్డాయి. మన వాళ్లు మాత్రం ఫైటును ఫైటుగా, కామెడీని కామెడీగా విడివిడిగా వడ్డించారు. పోరాటం నడుస్తుండగానే నవ్వు పుట్టించడం మన దగ్గర పెద్దగా సాగలేదు.

అది ఎలా చేస్తారో చూడాలంటే 'ప్రాజెక్ట్ ఎ' పతాక ఘట్టం చూడాలి. సముద్రపు దొంగల నాయకుడిగా డిక్ వీ. అతని మీదికి ముగ్గురు హీరోలు ఒకేసారి దూకుతారు, అయినా తన్నులు తినేది హీరోలే! చివరికి అతన్ని తివాచీలో చుట్టేసి లోపల గ్రెనేడ్ పడేస్తారు. ఒక్కడిని ముగ్గురు కొట్టడం వీరత్వం కాదన్న లెక్క వాళ్లు పెట్టుకోలేదు. ప్రాణం నిలుపుకోవాలన్న ఆత్రంలో ఏ ఎత్తయినా వేస్తారు. నాకు వీళ్లు దగ్గరి మనుషుల్లా అనిపించేది అందుకే. టైటిళ్లు పడేటప్పుడు షూటింగులో తగిలిన దెబ్బలు, తప్పిన టేకులు చూపించారు. ఈ అలవాటు 'కానన్‌బాల్ రన్'లో నటించినప్పుడు జాకీకి అబ్బింది. దాని పుణ్యమాని పేరు తెలియని స్టంట్ కుర్రాళ్ల ముఖాలు కూడా ప్రేక్షకుడికి కనిపించాయి.

1988లో వచ్చిన 'డ్రాగన్స్ ఫరెవర్' తర్వాత ఆ ముగ్గురూ మళ్లీ కలిసి హీరోలుగా నటించలేదు. ఆ ఏడాదే వాళ్ల బడి కథను దర్శకుడు అలెక్స్ లా 'పెయింటెడ్ ఫేసెస్'గా తీశాడు. బెత్తం పట్టిన గురువు పాత్ర వేసింది ఒకప్పటి శిష్యుడు సామో హంగే. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడి బహుమతి ఆ పాత్రకే వచ్చింది.