ఇల్లరికం పోయిన టీవీ ట్యూనర్

లినక్స్ వాడకందారుల్లో ఓ వింత ఆనవాయితీ ఉంది. ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న యూఎస్‌బీ టీవీ డాంగిల్ కొన్నవాళ్లలో చాలామంది ముందుగా చేసే పని, దాని టీవీ డ్రైవర్‌ను కట్టిపడేయడం. మోడ్‌ప్రోబ్ సెట్టింగుల ఫైల్లో ‘బ్లాక్‌లిస్ట్ డీవీబీ_యూఎస్‌బీ_ఆర్‌టీఎల్28ఎక్స్‌ఎక్స్‌యూ’ అని ఒక్క పంక్తి రాస్తే సరి, ఆ డాంగిల్ ఇక టీవీ చూపించదు. అలాంటి డ్రైవర్ల కోసమే ఒకప్పుడు జనం నిద్రలు మానుకున్నారు.

1990ల్లో అనలాగ్ టీవీ కార్డుల కథ వేరు. బీటీ848 చిప్‌కు ‘బీటీటీవీ’ డ్రైవర్ దొరికాక పెద్ద చిక్కుల్లేవు. అసలు గొడవ డిజిటల్‌తో వచ్చింది. బ్రిటన్‌లో 1998లో డీవీబీ-టీ అనే డిజిటల్ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. 2003లో బెర్లిన్ అనలాగ్ టీవీని ఆపేసింది. చేతివేలంత యూఎస్‌బీ ట్యూనర్లు యూరప్ దుకాణాల్లోకి దిగాయి. బుల్లి రిమోటు, అయస్కాంతం అడుగున్న చిన్న యాంటెన్నా, విండోస్ డ్రైవర్ ఉన్న సీడీ వాటి వెంట వచ్చేవి. లినక్స్ ఊసు మాత్రం డబ్బా మీద సాధారణంగా ఉండేది కాదు.

ఆ తర్వాతి పదేళ్లు ఈ కథకు పండగ రోజులు. డబ్బా మీద అదే పేరున్నా లోపలి చిప్ చెప్పాపెట్టకుండా మారిపోయేది. అందుకే డాంగిల్ గుచ్చగానే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొట్టి, తయారీదారు నంబరూ ఉత్పత్తి నంబరూ చూడాలి. డ్రైవర్‌లో తనకు తెలిసిన పరికరాల పట్టిక ఒకటి ఉంటుంది. చిప్ పాతదే, నంబరు మాత్రమే కొత్తదైతే అదృష్టమే: పట్టికలో ఒక పంక్తి చేర్చి, మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేస్తే బొమ్మ వచ్చేది.

చాలా చిప్‌లకు ఫర్మ్‌వేర్ కూడా కావాలి. అది కంపెనీ ఇచ్చిన విండోస్ డ్రైవర్ కడుపులో ఉండేది. కెర్నల్‌తో పాటు వచ్చే ఒక పెర్ల్ స్క్రిప్టు ఆ డ్రైవర్‌ను దింపుకుని, ఫలానా బైటు దగ్గర మొదలెట్టి ఇన్ని బైట్లని కోసి, ఆ ముక్క సరైనదో కాదో సరిచూసి ఇచ్చేది. చిప్ బొత్తిగా కొత్తదైతే విండోస్‌లో టీవీ పెట్టి, యూఎస్‌బీ తీగ మీద ఏ ఆదేశాలు పోతున్నాయో పొంచి చూసి, వాటినే లినక్స్‌లో తిరిగి పలికించడమే దారి.

అలా పొంచి చూస్తుండగానే 2012 ఫిబ్రవరిలో అసలు విశేషం బయటపడింది. ఫిన్లాండ్‌కు చెందిన డ్రైవర్ల రచయిత ఆంటి పలోసారి, ఆర్‌టీఎల్2832యూ ఎఫ్ఎం రేడియో పలికించే తీరు గమనించాడు. రేడియో విషయంలో చిప్ విప్పి చెప్పే శ్రమ పడటం లేదు. గాలిలో దొరికిన తరంగాన్ని 8 బిట్ల నమూనాలుగా మార్చి, పచ్చిగా కంప్యూటర్ మీదికి నెట్టేస్తోంది. ఆస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ బృందం వెంటనే ఆ పచ్చి నమూనాలను అందుకునే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ రాసింది. దానికి డాంగిల్ చిక్కాలంటే టీవీ డ్రైవర్ పక్కకు తప్పుకోవాలి. వందల డాలర్ల రేడియో పరికరం చేసే పనిలో చాలా భాగం 20 డాలర్ల డాంగిల్ చేయసాగింది. చాలా డాంగిళ్లలో ఉండే ఆర్820టీ ట్యూనర్‌కు కాగితం మీద రాసిన పరిధి 42 నుంచి 1,002 మెగాహెర్ట్జ్. జనం దాన్ని సుమారు 24 నుంచి 1,766 దాకా లాగారు. రెడిస్ డేటాబేస్ సృష్టికర్త సాల్వటోర్ సాన్‌ఫిలిప్పో రాసిన ‘డంప్1090’తో, విమానాలు 1,090 మెగాహెర్ట్జ్‌లో చెప్పుకునే తమ స్థానం, ఎత్తు ఎవరి డాబా మీదైనా వినబడ్డాయి.

ఇలా వేరే పనికి మళ్లిన ఈ డాంగిల్‌కు దాయాదులూ ఉన్నారు. కోనెక్సెంట్ చిప్‌ల పాత టీవీ కార్డులు ఇప్పుడు ‘సీఎక్స్ఏడీసీ’ డ్రైవర్‌తో వీహెచ్ఎస్ టేపుల సంకేతాన్ని పచ్చిగా పట్టి భద్రపరుస్తున్నాయి. 2018లో ఆస్మోకామ్‌కే చెందిన స్టీవ్ మార్క్‌గ్రాఫ్ ఎఫ్ఎల్2000 చిప్ ఉన్న వీజీఏ అడాప్టర్ చేత ఏకంగా రేడియో ప్రసారం చేయించాడు.

ఇంత వైభవంలో పోయింది టీవీయే. జర్మనీ 2017లో తర్వాతి తరమైన డీవీబీ-టీ2కు మారడం మొదలెట్టగానే, ఆ ప్రసారాలకు ఆర్‌టీఎల్2832యూ పనికిరాకుండా పోయింది. ప్రైవేటు చానళ్లకు తాళం కూడా పడింది. పాత చిక్కుముళ్లు ఓపికుంటే విడేవి. ఈ తాళానికి ఓపిక చాలదు, చందా కట్టాలి. ఆర్‌టీఎల్2832యూ డాంగిల్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. రేడియో అభిరుచి గలవారి కోసం చేసిన రకాల్లో లోహపు పెట్టె, నిలకడైన ఆసిలేటర్ ఉంటాయి. టీవీ రిమోటు ఇవ్వడం మానేశారు.