బేగంపేట దోమ, వేసవి ప్రయాణం

వేసవి సెలవులకు పిల్లలతో అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు చుట్టాలందరికీ తలా ఒకటి గుర్తుపెట్టుకుని తెస్తారు. పిల్లలకు టీకాలు వేయించారా అని అడిగితే మాత్రం "మేం పుట్టి పెరిగిన ఊరేగా!" అంటారు. ఆ మాట వింటే నాకు గుబులు. తెలుగునేల మొత్తం కర్కటరేఖకు దిగువనే ఉంది. మన ఊరూ ఉష్ణమండలమే.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి ఇటు ఓడెక్కే కుటుంబాల భయమంతా ఎండా, గాలీ. తలకు జీలుగుబెండు టోపీ, కలరా రాకుండా నడుముకు ఉన్నిపట్టీ. చిత్తడినేలల గాలి వల్లే చలిజ్వరం వస్తుందని నమ్మేవారు; ఇటాలియన్‌లో మలేరియా అంటే చెడ్డగాలే. నిజంగా పనిచేసింది సింకోనా బెరడు. 1820లో పారిస్‌లో పెల్టియే, కావంటూ దాన్నుంచి క్వినైన్ తీశారు. 1854లో డాక్టర్ బైకీ ఆఫ్రికాలోని నైజర్ నది మీద తన ఓడలోని వాళ్లచేత క్వినైన్ మింగించాడు. వెళ్లిన ఐరోపావాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చారు. 1841లో అదే నదికి వెళ్లిన బృందంలో ఎందరో జ్వరాలతో పోయారు. మందు దొరికింది. జ్వరం ఎలా అంటుతోందో తెలియలేదు.

అది తేలింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టులో. బేగంపేట ఆసుపత్రి గదిలో డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమల్ని చీరి చూస్తున్నాడు. పంకా ఊపితే దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చున్నాడు. నుదుటి చెమట పడిపడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి, కుట్టించుకున్న దోమకు అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ పొట్టగోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి: దోమలో పెరుగుతున్న మలేరియా క్రిమి. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌నూ మనం తలుచుకోవాలి.

1934లో జర్మనీలో క్లోరోక్విన్ అనే మలేరియా మందు పుట్టింది. 1950ల చివరికే కొన్నిచోట్ల మలేరియా క్రిమి దానికి లొంగడం మానేసింది. అందుకే ఇప్పుడు వెళ్లే చోటునుబట్టి మాత్రలు మారతాయి. టైఫాయిడ్ కథలో హైదరాబాద్ మళ్లీ వస్తుంది: ఆరునెలల పాపకూ వేయగలిగే, ఇక్కడి భారత్ బయోటెక్ సంస్థ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గుర్తింపునిచ్చింది.

చిన్నప్పుడు ఇక్కడ పెరిగినందుకు మలేరియాను కాస్త తట్టుకునే శక్తి వచ్చినా, ఏళ్ల తరబడి దూరంగా ఉంటే అది తగ్గిపోతుంది. అక్కడ పుట్టిన పిల్లలకు అసలుండదు. అందుకే నెలా నెలన్నర ముందే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆరునెలలు దాటిన పసివాళ్లకు ప్రయాణం కోసం తట్టు టీకా ముందుగానే వేస్తారు. మలేరియా ఉండే అరకు, పాడేరు వైపు వెళ్తుంటే ఆ సంగతి కూడా చెప్పాలి. మలేరియా రాకుండా అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రలు రాస్తే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం వదిలాక కూడా ఏడురోజులు వేసుకోవాలి. పిల్లలకు బరువునుబట్టి మోతాదు. తిరిగెళ్లిన అలసటలో మానేసేది ఆ ఏడురోజుల మాత్రలే. నెలల తర్వాత జ్వరమొచ్చినా సరే, వేసవిలో ఎక్కడెక్కడ తిరిగారో అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి.