దుస్తుల భత్యం కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయవలసిందిగా కార్యదర్శి గారు రెండు మాసాలుగా అడుగుతున్నారు. ఖజానా శాఖలో 33 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాడిని. రాజుల చరిత్ర నాకు రాదు, వచ్చిందల్లా పద్దుల చరిత్రే. అయితే యుద్ధభూమిలో మొదలై ప్యాంటు మోకాలి దగ్గరకు వచ్చి ఆగిన పద్దు ఒకటుంది. దాని సంగతి సోదర పెన్షనర్లకు మనవి చేస్తాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

2019 వేసవిలో మా దంపతులం అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో అయిదు నెలలున్నాము. అక్కడికి వెళ్ళివచ్చిన మిత్రులకు ఆ దినచర్య వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు ఆఫీసులకు వెళ్ళిపోతారు, మనం కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే కార్లు లెక్కపెడుతూ ఉంటాము. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. వియత్నాం యుద్ధంలో కుడికాలు మోకాలి పైదాకా పోయింది. కృత్రిమ కాలుతో నడిచేవారు, సాయంత్రం అది విప్పి పక్కన పెట్టుకుని వరండాలో కూర్చునేవారు.

మా ఆవిడకు కుట్టుపని వచ్చు. ఇంగ్లీషు అంతగా రాకపోయినా గుడ్డ చూస్తే దాని జాతకం చెప్పగలదు. ఆయన ప్యాంట్లు అన్నీ కుడి మోకాలి దగ్గరే పలచబడుతున్నాయని వారం రోజుల్లో కనిపెట్టింది. ఎడమవైపు గుడ్డ కొత్తదిలా ఉంటుంది, కుడివైపు దారాలు తేలి ఉంటాయి. కృత్రిమ కాలులో మోకాలి కీలు లోపలినుంచి రాపాడటం వల్ల అలా అవుతున్నదట. మా అమ్మాయి చేత అడిగించి రెండు ప్యాంట్లు తెప్పించుకుని, పాత జీన్సు గుడ్డ కత్తిరించి లోపలివైపు అతుకు వేసి ఇచ్చింది. ఆయన చాలా సంతోషించి, "దీనికి మా ప్రభుత్వం నాకు డబ్బిస్తుంది తెలుసా!" అంటూ లోపలినుంచి ఒక ఫారం తెచ్చి చూపించారు.

దాని నంబరు 10-8678. దుస్తుల భత్యానికి దరఖాస్తు. కొందరు నవల చదివినట్లు నేను ఫారాలు చదువుతాను, అది సర్వీసు పెట్టిన అలవాటు. ఏ పరికరం వాడుతున్నారు, దాని వల్ల ఏ బట్ట పాడవుతున్నది, ఇవే అందులోని ముఖ్యమైన ప్రశ్నలు. ఆగస్టు 1వ తేదీలోగా ఇవ్వాలి, సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో ఏడాది మొత్తం ఒకేసారి వస్తుంది. కొన్న బట్టలకు బిల్లులు జతపరచనక్కరలేదు. ఈ ఒక్క విషయం చదివి నేను ఫారం కింద పెట్టి మళ్ళీ తీసుకున్నాను. మన దగ్గర అటెండర్లకు ఇచ్చే వాషింగ్ అలవెన్సు పద్దు మీదనే ఎన్ని ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు రాశానో గుర్తుకు వచ్చింది.

ఆ తర్వాత లైబ్రరీలోనూ, అల్లుడి కంప్యూటరులోనూ కూర్చుని దీని పుట్టుపూర్వోత్తరాలు కొంత సేకరించాను.

యుద్ధంలో అవయవం పోయినవానికి పోషణ ప్రభుత్వ బాధ్యత అన్న మాట ఆ దేశంతోపాటే పుట్టింది. స్వాతంత్ర్య ప్రకటన జరిగిన కొద్ది వారాలకే, 1776 ఆగస్టు 26న, అక్కడి కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. యుద్ధంలో కాలో చేయో పోయినవారికి, సంపాదించుకోలేని స్థితికి వచ్చినవారికి సగం జీతం ఇవ్వాలన్నది. ఇస్తామన్నారు గాని చేతిలో డబ్బు లేదు, చెల్లించే భారం రాష్ట్రాల మీద పడింది. జీ.ఓ. వచ్చి బడ్జెట్ రాకపోవడం మన కాలపు వింత అనుకుంటాము గాని, అది చాలా పాత సంప్రదాయమే.

అంతర్యుద్ధం (1861-65) వచ్చాక లెక్క మారిపోయింది. ఆ నాలుగేళ్ళలో సుమారు 60 వేల మందికి కాళ్ళో చేతులో తీసివేయవలసి వచ్చిందంటారు. 1862లో ఫెడరల్ ప్రభుత్వం కృత్రిమ అవయవాల కోసం 15 వేల డాలర్లు మంజూరు చేసింది. కాలుకు 75 డాలర్లు, చేతికి 50 డాలర్లు రేటు. ఓడిపోయిన దక్షిణాది సైనికులకు ఇది వర్తించదు, కనుక వారి సంగతి వారి రాష్ట్రాలే చూసుకున్నాయి. మిసిసిపీ రాష్ట్రం 1866లో తన ఆదాయంలో దాదాపు అయిదో వంతు కృత్రిమ కాళ్ళకూ చేతులకూ ఖర్చుపెట్టిందని చరిత్రకారులు రాస్తారు. ఒక ఖజానా ఉద్యోగిగా ఆ సంవత్సరపు పద్దు పుస్తకం ఒక్కసారి చూడాలని నాకు కోరిక. 1870 నాటి చట్టంతో అయిదేళ్ళకొకసారి కొత్త అవయవమో, దానికి బదులు నగదో తీసుకునే వీలు వచ్చింది. చాలామంది నగదే తీసుకున్నారు. ఆనాటి కర్ర కాళ్ళు తగిలించుకుంటే తెగిన భాగం పుండుపడేది. ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్ను పెట్టుకోవడమే నయమనుకునేవారు.

రెండు ప్రపంచ యుద్ధాలు గడిచాయి. 1930లో మాజీ సైనికుల వ్యవహారాలన్నీ ఒక సంస్థ కిందకు వచ్చాయి, 1989లో అది మంత్రిత్వ శాఖ హోదా పొందింది. మధ్యలో కర్ర పోయి, తోలు పట్టీలు, ఉక్కు కీళ్ళు వచ్చాయి. కాలు బాగుపడినకొద్దీ మనిషి ఎక్కువ నడిచాడు, నడిచినకొద్దీ గుడ్డ ఎక్కువ చిరిగింది. వియత్నాంలో మందుపాతరలు కాళ్ళనే తీశాయి. అయితే గాయపడినవారిని హెలికాప్టర్లలో వెంటనే ఆసుపత్రికి చేర్చడం వల్ల, వెనుకటి యుద్ధాల్లో అయితే ప్రాణం దక్కనివారు ఈసారి బతికి ఇంటికి వచ్చారు. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు! ఇంకా యాభై ఏళ్ళు ప్యాంట్లు తొడుక్కోవలసినవారు.

1972లో, నిక్సన్ అధ్యక్షుడుగా ఉండగా వచ్చిన చట్టంలో ఈ భత్యం చేరింది. ఏడాదికి 150 డాలర్లు. కృత్రిమ కాలుకు ప్రభుత్వం మొదట డబ్బిచ్చింది 1862లో. ఆ కాలు చింపే మామూలు గుడ్డకు ఏటా నగదు ఇవ్వాలని తోచడానికి 110 సంవత్సరాలు పట్టిందన్నమాట. ఎందుకింత ఆలస్యం? నాకు తోచిన కారణం ఇది. కాలు పోవడం యుద్ధభూమిలో జరుగుతుంది, దానికి సాక్షులుంటారు, రికార్డు ఉంటుంది. ప్యాంటు చిరగడం ఇంట్లో జరుగుతుంది. అది భార్యకు తెలుస్తుంది గాని ఫైలుకు తెలియదు.

ఆ చట్టం భాష నాకు చాలా నచ్చింది. సర్వీసు వల్ల కలిగిన వైకల్యం కారణంగా వాడే పరికరం, చక్రాల కుర్చీతో సహా, బట్టను అరగదీసే లేదా చింపే స్వభావం కలదై ఉంటే చాలు. ఫలానా తేదీన ఫలానా చొక్కా చిరిగిందని నిరూపించమనలేదు. 1989లో ఇంకో మెట్టు ఎక్కారు. సర్వీసు వల్ల వచ్చిన చర్మవ్యాధికి వాడే పూతమందులు పైబట్టలను బాగుచేయడానికి వీల్లేకుండా పాడుచేస్తే వారికీ భత్యం వర్తింపజేశారు. మొదట 150 ఉన్న మొత్తం ఇప్పుడు వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉన్నది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి.

1985లో నేనొక ఆఫీసులో పెన్షన్ సీటులో ఉండేవాడిని. 1965 యుద్ధంలో కాలు పోయిన ఒక మాజీ జవాను పల్లెటూరి నుంచి బస్సు మీద వచ్చేవాడు. పూనాలో 1944 నుంచీ సైన్యం వారి కృత్రిమ అవయవ కేంద్రం ఉన్నది కదా, అక్కడ పెట్టిన కాలు. ఆ సంవత్సరం అతని కాగితాల్లో వైకల్యం సర్టిఫికెట్ పాతదని, కొత్తది తెమ్మని నేను రాసి తిప్పిపంపాను. వైకల్యం శాశ్వతమని మెడికల్ బోర్డు రాసిన కాగితం అందులోనే ఉన్నది. నేను చూశాను కూడా. అయినా కొత్తది ఉంటే నా సీటుకు మంచిదని నా ఉద్దేశం.

అతను కౌంటరు దగ్గరకు వచ్చి, "గుమాస్తా గారూ, మొలిచిందేమో మీరే చూడండి" అని ప్యాంటు మోకాలి పైకి లాగాడు. తోలు పట్టీలు, ఇనుప బద్దీలు కనిపించాయి. ప్యాంటు లోపలి గుడ్డ చీలికలై వేలాడుతున్నది. వరుసలో నిలబడినవాళ్ళు నవ్వారు. అతన్ని చూసి కాదు, నన్ను చూసి. అందుకే నాకు కోపం వచ్చింది. "రూలు రూలే" అన్నాను. అతను ఏమీ అనకుండా ప్యాంటు కిందికి దించుకుని వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ తేవడానికి రెండు నెలలు పట్టింది. బకాయిలతో సహా చెల్లించాము, పైసా తక్కువ కాలేదు. ఆ రెండు నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచిందో నేను అడగలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు డిపార్టుమెంటు పరీక్షకు చదువుతూ చూస్తే, నేను అడిగిన కాగితం ఏ రూలులోనూ లేదు. అప్పటికి నాకు బదిలీ అయింది. అతని ఊరి పేరు మాత్రం ఇప్పటికీ గుర్తున్నది.

వర్జీనియాలో పక్కింటి పెద్దాయన ఫారం నింపుతూ, "శాశ్వతం అని వాళ్ళే రాశారు, అయినా ప్రతి వేసవిలోనూ నాకు కాలు లేదని నేను మళ్ళీ రాయాలి" అని నవ్వినప్పుడు, నేను నవ్వలేకపోయాను. ఏమైందని అడిగారు. మా అమ్మాయి ఎదురుగా ఉండటం వల్ల చెప్పలేదు.

అమెరికాలోనూ హక్కులు కోర్టుకు వెళితే గాని పూర్తిగా రావని తెలియజేసే కేసు ఒకటున్నది. వియత్నాంలో రెండు కాళ్ళూ ఒక చేయీ కోల్పోయిన సర్స్లీ అనే ఆయన రెండు భత్యాలకు దరఖాస్తు చేశారు. చేతి పరికరం చొక్కాలు చింపుతున్నది, కింది భాగానికి వాడే పరికరాలు ప్యాంట్లు చింపుతున్నాయి కనుక ఒకటి చాలదన్నారు. చట్టంలో "ఒక భత్యం" అని ఉన్నది కాబట్టి ఒకటే అన్నారు అధికారులు. కింది కోర్టు కూడా వారి మాటే సమర్థించింది. 2009 జనవరిలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఆ మాటకు అంత ఇరుకైన అర్థం లేదని, రెండో భత్యాన్ని చట్టం నిషేధించలేదని తీర్పు చెప్పింది. 2011లో నిబంధనలు కూడా ఆ ప్రకారం సవరించారు. వేర్వేరు పరికరాలు వేర్వేరు బట్టలను పాడుచేస్తే వేర్వేరు భత్యాలు. ఈ కేసు చదువుతుంటే నాకు మన నకారా కేసు గుర్తుకు వచ్చింది. ఫలానా తేదీకి ముందు రిటైరైనవారు, తరువాత రిటైరైనవారు అని గీత గీయరాదని 1982 డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు చెప్పబట్టే కదా మనం ఏటా ఆ రోజు పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము. అక్కడ ఒక చిన్న మాట, ఇక్కడ ఒక తేదీ. పేచీ ఎప్పుడూ అంత చిన్నదానిమీదనే ఉంటుంది.

ఇక ఏటా దరఖాస్తు సంగతి. 2022 డిసెంబరు చివర అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన చట్టంలో దీన్ని సవరించారు. ఒకసారి మంజూరైతే, వద్దని ఆ మనిషి చెప్పేదాకానో అర్హత పోయిందని తేలేదాకానో ఏటా దానంతటదే చెల్లించాలి. మన దేశంలో 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చి, వేలిముద్రతో బతికే ఉన్నామని చెప్పుకునే వీలు కలిగింది. కాని చెప్పుకోవడం అయితే ఏటా తప్పదు. మనది బతికి ఉన్నామా అన్న ప్రశ్న గనుక దానికి న్యాయం ఉన్నదనుకోండి. తెగిన కాలు విషయం వేరు.

ఈ మధ్య మా అమ్మాయి ఫోను చేసినప్పుడు పక్కింటి పెద్దాయన కుశలం అడిగాను. బాగానే ఉన్నారట. ఈసారి ఫారం నింపనక్కరలేదని శాఖవారు తెలియజేశారట. అయినా ఆయన జూలైలోనే నింపి, పోస్టులో పంపి, నకలు ఒకటి దగ్గర ఉంచుకున్నారట. మా ఆవిడ వేసిన అతుకులు ఊడిపోయాయి, మళ్ళీ ఎప్పుడు వస్తారని అడిగారట.