ఇకత్ అను మాట: ద్వీపాంతర భాషాభ్యాసమునకు ఒక చారిత్రక పీఠిక

పోచంపల్లి చీరలనుగూర్చి వ్రాయునపుడు నేడు పత్రికలును ప్రభుత్వ ప్రకటనలును ‘ఇకత్’ అను పదమును విరివిగా వాడుచున్నవి. ఇది తెలుగుమాట కాదు; సంస్కృతమును కాదు, హిందీయును కాదు. మలయు భాషనుండి ఇండొనీషియా భాషకు సంక్రమించిన పదమిది. దీని కర్థము ‘కట్టు’. నూలుపోగులను గుత్తులుగా జేర్చి, రంగు అంటరాని చోటుల గట్టిగా గట్టి, రంగులో ముంచి, పిమ్మట మగ్గమున కెక్కించు పద్ధతిని ఆ మాట సూచించును. డచ్చి పండితుల రచనలద్వారా అది ఐరోపా భాషలలో జొచ్చి, అచటినుండి మనకు జేరినది. ఉమ్మడి నల్లగొండ జిల్లా నేతగాని చేతిపనికి సముద్రమున కావలి భాషయొక్క పేరు స్థిరపడినదన్నమాట.

భారతదేశము ఆ ద్వీపములకు మాటల నిచ్చినదని చదువుకొన్న మనకు, ఈ ఒక్క మాట ఎదురుదిశగా వచ్చుట ఆలోచింపదగిన విషయము. ఇండొనీషియా యాత్ర దలపెట్టి, ఆ భాషలో ప్రథమ పాఠములు ముగించి మధ్యమస్థాయికి వచ్చిన తెలుగు విద్యార్థికి చరిత్ర ఎట్లు తోడ్పడును, ఎట్లు పొరపాటు గలిగించును అను ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింప బూనితిమి.

యాత్రకు ముందు భాష నేర్చుకొను ఆచారము ఆ సముద్రమార్గమున మిక్కిలి ప్రాచీనము. చైనా భిక్షువు ఇత్సింగు క్రీ.శ. 671లో కాంటన్ రేవునుండి బయలుదేరి, ఇరువది దినములలోపుననే సుమత్రాలోని శ్రీవిజయమునకు జేరెను. అచట ఆరు మాసములు నిలిచి సంస్కృత వ్యాకరణము నభ్యసించి, ఆ పిమ్మటనే భారతదేశమునకు వచ్చెను. తన వెనుక వచ్చు భిక్షువులు కూడ శ్రీవిజయమున ఒకటి రెండేండ్లు చదువుకొని ముందునకు సాగుట మేలని ఆతడు వ్రాసెను. మన భాషను విదేశీయులు ద్వీపములలో నేర్చుకొని మనయొద్దకు వచ్చిన కాలమది. ద్వీపవాసులు కేవలము శిష్యులు కారు, ఉపాధ్యాయులును అయిరి.

అదే యుగమున పాలమూరు సీమలో, నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో జేరిన అలంపురమున, బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములు వెలసినవి. జావాలో సంజయుడను రాజు 732లో లింగప్రతిష్ఠ చేసి చంగల్ శాసనమును వేయించెను. అలంపుర శాసనముల లిపియు, చంగల్ శాసన లిపియు ఒకే దక్షిణ బ్రాహ్మీ కుటుంబమునకు జెందినవి. ఇంతకుమున్ను, ఇక్ష్వాకు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సర శాసనము దొరకిన ఫణిగిరి బౌద్ధక్షేత్రము ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనిదే. 2016నుండి అది సూర్యాపేట జిల్లాలో నున్నది.

ఇట్టి పోలికలను జూచి, మనవారు అచటికి బోయి నాగరకత నాటిరని నిశ్చయించుట సులభము. 1926లో కలకత్తాలో నేర్పడిన బృహద్భారత సంఘమునాటి చరిత్రకారులు పలువురు అట్లే తలచిరి. కాని బోర్నియోలోని కుతాయి యూపశాసనములు జాగ్రత్త నేర్పుచున్నవి. సుమారు 400నాటి ఆ శాసనములలో మూలవర్మ, ఆతని తండ్రి అశ్వవర్మ, తాత కుండుంగ పేర్కొనబడిరి. తాతపేరు దేశ్యము, తండ్రిపేరు, మనుమనిపేరు సంస్కృతములు. స్థానిక రాజవంశమొకటి రెండు తరములలో సంస్కృతమును తానై వరించినట్లు దీనివలన దోచుచున్నది. స్థానిక రాజులే తమ యవసరమునకు బ్రాహ్మణులను రప్పించుకొనిరని డచ్చి చరిత్రకారుడు ఫాన్ ల్యూర్ 1934లో వాదించెను. మాకును ఇదియే యుక్తముగా దోచుచున్నది.

వరించినవారు తమకు వలసిన అర్థమును వరించుదురు. తెలుగు విద్యార్థి తడబడునది ఇచటనే. ఇండొనీషియా భాషలో ‘సెంగ్సార’ సంసార శబ్దభవమే. మనకు సంసారమనగా కాపురము, వారికి కడగండ్లు. మన గ్రామములలో క్షేమమడుగువాడు పలుకు మాట అచట దుఃఖము నడిగినట్లగును. ‘బిచార’ విచారమునుండి పుట్టినది, కాని దాని యర్థము మాటలాడుట. ‘దేస’ యనగా పల్లె. ‘నెగార’ యనగా దేశము. వంశమునుండి వచ్చిన ‘బాంగ్స’ యనగా జాతి. మన ‘కోట’ వంటి ‘కోత’ అచట పట్టణము. ‘అగామ’ మతము. ఉపవాసమునుండి వచ్చిన ‘పుఆస’ను అచటి ముసల్మానులు రంజాను ఉపవాసమునకు వాడుచున్నారు. ప్రథమ పాఠములలో ఈ పదములు మనలను సంతోషపెట్టును. మధ్యమస్థాయిలో అవియే మోసపుచ్చును. కావున ప్రతి పదమునకు రెండు అర్థములను ప్రక్కప్రక్కన వ్రాసికొని చదువుట యుక్తము.

నిజమైన సౌలభ్యము పదములలోగాక మఱియొక చోట నున్నది. వినువానిని విడిచి ‘మేము’ అనుట, అతనిని గలుపుకొని ‘మన’మనుట తెలుగువానికి సహజము. ఇండొనీషియాలో ‘కమి’ మేము, ‘కిత’ మనము. ఇంగ్లీషువా డెంతో శ్రమించి నేర్చుకొనవలసిన ఈ భేదము మనకు ఉగ్గుపాలతో వచ్చినది. అయితే బంధువాచకములలో జాగ్రత్త వలయును: ‘కకక్’ అన్నయు అగును, అక్కయు అగును, ‘అదిక్’ తమ్ముడును చెల్లెలును. అచట వయస్సే ప్రధానము. స్త్రీపురుష భేదము కాదు.

మధ్యమస్థాయిలో ముఖ్యమైన అభ్యాసము ఉపసర్గ ప్రత్యయములు. దీనికి మన పోచంపల్లి మాటయే చాలును. ‘ఇకత్’ ధాతువు, ‘మెంగికత్’ కట్టుట, ‘దిఇకత్’ కట్టబడుట, ‘తెరికత్’ కట్టువడియుండుట, ‘ఇకతన్’ బంధము. ఈ కడపటి పదమునే అచట సంఘముల పేళ్లలో వాడుదురు. వారి నిఘంటువులు సాధారణముగా ధాతుక్రమమున నుండును. కావున ఉపసర్గను విడదీయనేరనివాడు అర్థమును వెదకజాలడు.

భాషనుండి ఆచారమునకు వత్తము. బాలిద్వీపమున తెంగానన్ అను గ్రామమున పడుగును పేకను రెంటినిగూడ కట్టి అద్ది నేయు ‘గెరింగ్‌సింగ్’ అను నూలువస్త్రము ప్రసిద్ధము. రోగము లేదని ఆ పేరున కర్థము చెప్పుదురు. శుభకార్యములలో దానిని రక్షగా ధరింతురు. దాని నూలును కెమిరి గింజల నూనెలోను బూడిదనీటిలోను నానవేయుదురు. పుట్టపాకలో తేలియా రుమాలు నేయు పద్మశాలీలు నూలును నూనెతోను, ఆముదపుకాయల బూడిదతోను సిద్ధపరచుదురు. ఈ సామ్యమును జూచి ఒకరినుండి ఒకరు నేర్చిరనుట తొందరపాటు. మన ప్రాంతమునకు ఈ కట్టుపని గత శతాబ్ది పూర్వార్ధమున చీరాలవైపునుండి వచ్చినదని చెప్పుదురు. కాని ఇరువురును ఎదురుపడిన, నూనె, బూడిద, కట్టు అను మూడు విషయములపై గంటలకొలది ముచ్చటింపగలరు. యాత్రకు అంతకుమించిన ప్రవేశద్వారము లేదు.

తుదకు ఒక చిన్న హెచ్చరిక. బయలుదేరినవానిని ‘ఎక్కడికి?’ అని యడుగుట మన పల్లెలలో అపశకునము. అచట ‘మౌ కె మన?’, అనగా ఎక్కడికి పోవుచున్నారను ప్రశ్న, కేవలము మర్యాద. మన యాత్రికుడు దానికి నొచ్చుకొనరాదు. చిరునవ్వుతో ఊరక నడకకని చెప్పిన చాలును.

1928 అక్టోబరు 28న ఇండొనీషియా యువకులు, అధికసంఖ్యాకుల భాషయైన జావా భాషనుగాక, రేవులలో అందరును వాడుకొను మలయు మూలమైన భాషను ఐక్యభాషగా వరించిరి. వరించుటయే ఆ ద్వీపముల చరిత్రకు తాళపుచెవి. అచట మన పురాతన సంపదను వెదకుకొను తెలుగువాడు తన నీడనే చూచి తిరిగివచ్చును. ఇకత్ అను మాట ఎవరిదో ఎఱిగి, నేర్చుకొనుటకై పోవువాడు ఆ దేశమును జూచి వచ్చును.