ప్రాయశ్చిత్త బోధ: తెలుగు క్రైస్తవ బాలశిక్షణలో

ఏసుక్రీస్తు సిలువమరణము మానవుల పాపమునకు పరిహారమైనదనియు, తన్మూలమున దేవునికిని మానవునికిని సమాధానము కుదిరినదనియు చెప్పు క్రైస్తవ సిద్ధాంతమునకు ప్రాయశ్చిత్తమని పేరు. దీనిని బాలబాలికలకు బోధించు పద్ధతి ప్రశ్నోత్తరములు, కీర్తనలు, రంగులు, కథలు అను నాలుగు మార్గముల వృద్ధిపొందినది.

పూర్వచరిత్ర. ప్రాచీన సంఘమున బాప్తిస్మమునకు ముందు జరుగు ఉపదేశమే శిక్షణగా నుండెను. 1098 ప్రాంతమున ఆన్సెల్ము పండితుడు పాపమును దేవుని ఘనతకు జరిగిన లోపముగా నెంచి ఈ సిద్ధాంతమును తర్కబద్ధముగ వ్యాఖ్యానించెను. 1529లో మార్టిన్ లూథరు, గృహయజమానులు తమ బిడ్డలకు నేర్పుటకై, లఘు ప్రశ్నోత్తరిని రచించెను. 1780లో రాబర్ట్ రైక్స్ ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున నెలకొల్పిన ఆదివారపు బడి నమూనాగా అనేకదేశములయందట్టి బడులు వెలసెను.

తెలుగున ప్రవేశము. 1726లో చెన్నపట్టణము చేరిన జర్మను మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్, లూథరు ప్రశ్నోత్తరిని తెలుగుచేసి, 1746లో జర్మనీలోని హాలె నగరమున ముద్రింపించెను. తెలుగు లిపిలో వెలువడిన తొలి ముద్రిత గ్రంథములలో నిది యొకటి యగుటచే, తెలుగు ముద్రణ చరిత్రయు బాలశిక్షణ చరిత్రయు నించుమించుగ నొక్కచోటనే ప్రారంభమైనవనవచ్చును. ఆ పిమ్మట కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌధరి (1803–1890) సిలువ మహిమను దేశీయ రాగములలో పాడి, సిద్ధాంతము నక్షరజ్ఞానము లేనివారి కంఠమునకు సైతము చేర్చెను. 1876లో అలహాబాదున భారత ఆదివారపు బడుల సమాఖ్య స్థాపితమయ్యెను.

రంగుల పుస్తకము. 1866లో లండను ప్రసంగీకుడు స్పర్జన్ అక్షరము లేని మూడు పుటల పుస్తకమును వివరించెను. నలుపు పాపమును, ఎరుపు క్రీస్తు రక్తమును, తెలుపు శుద్ధహృదయమును సూచించును. 1875లో అమెరికా సువార్తికుడు మూడీ పరలోకమును సూచించు బంగారువన్నె పుటను చేర్చెను. చదువురాని బాలునికి సైతము సులభగ్రాహ్యమగుటచే నిది లోకమంతట వ్యాపించినది.

కోరుట్ల ప్రాంతము. ఈ శిక్షణ తెలుగు పల్లెలలో నడిచిన తీరునకు ఈ ప్రాంతమొక ఉదాహరణము. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలు నిజాం రాజ్యమున కరీంనగర్ జిల్లాలో చేరియుండెను. ఆ రాజ్యమున వెస్లియన్ మెథడిస్టు సేవ 1880 ప్రాంతమున విలియం బర్జెస్ ద్వారా ప్రారంభమయ్యెను. గ్రామములందు సంఘమున చేరిన మాల, మాదిగ కుటుంబములలో చదువు నేర్చినవారరుదగుటచే, ఉపదేశులు విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను నోటనే వల్లెవేయించిరి. 1912లో అదే రాజ్యములోని దోర్నకల్ అధ్యక్షుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు, కీర్తనను, నాటకమును, గ్రామోపాధ్యాయుని బోధనకు సాధనములుగా స్వీకరించెను. ఈ మెథడిస్టు, ఆంగ్లికన్ సంఘములు మొదలగునవి కలియగా 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమును, అందు 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలమును ఏర్పడెను.

కథోలిక సంఘమున. 1910లో పదవ పయస్ పోపు, వివేచన వచ్చు ఏడేండ్ల ప్రాయముననే బిడ్డలకు దివ్యసత్ప్రసాదము నొసగవలెనని శాసించినందున, పాపసంకీర్తన శిక్షణయు బాల్యముననే జరుగుచున్నది.

నేటి స్థితి. ఆదివారపు బడి, వేసవిలో సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.), ఈస్టరునకు ముందరి శ్రమదినముల బోధ ముఖ్యసాధనములు. చిన్నతరగతులలో పస్కా గొఱ్ఱెపిల్ల, తప్పిపోయిన కుమారుడు వంటి కథలును, పెద్దతరగతులలో లేవీయకాండము, యెషయా 53వ అధ్యాయము, రోమా పత్రికయు బోధింపబడును. దేవుని కోపమును మాత్రమే చూపి బిడ్డలను వెఱపించుటకంటె, తండ్రి ప్రేమను ముందుంచి సిలువను వివరించుట మేలని బోధకులలో పలువురి మతము. తమ దోషము నొప్పుకొనుట, పరుల దోషమును క్షమించుట అను రెండు అలవాట్లు బిడ్డలయందు కుదురుటయే ఈ శిక్షణకు ఫలము.