గోడ కూడా ఆడే ఆట

పాడెల్ మొదటి క్లాసుకి వెళ్లేవాళ్లు ముందు బూట్ల గురించి అడుగుతారు, తర్వాత బ్యాట్ కొనాలా అద్దెకి తీసుకోవాలా అని. జవాబు తేలికే. పక్కలకి కదిలినప్పుడు జారని బూట్లు వేసుకోండి, బ్యాట్ ఇప్పుడే కొనకండి. అసలు సిద్ధపడాల్సింది గోడకి. ఆ గోడ ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే.

1969లో మెక్సికోలోని అకపుల్కో అనే సముద్రతీర పట్టణంలో ఎన్రికే కోర్కుయెరా అనే సంపన్నుడు తన విడిది ఇంట్లో కోర్టు కట్టించుకోవాలనుకున్నాడు. టెన్నిస్‌కి సరిపడా జాగా లేదు. ఉన్న జాగాలోనే చిన్న కోర్టు వేసి, బంతి బయటికి పోకుండా గోడలు లేపాడు. గోడకి తగిలి తిరిగొచ్చిన బంతి కూడా ఆటలోనే ఉన్నట్టు లెక్క. ఇదేమీ శూన్యంలోంచి పుట్టిన ఊహ కాదు. 1928లోనే న్యూయార్క్ దగ్గర స్కార్స్‌డేల్‌లో మొదలైన ప్లాట్‌ఫామ్ టెన్నిస్‌లో బంతి చుట్టూ ఉన్న తీగ వలకి తగిలి వచ్చినా కొట్టొచ్చు. కోర్కుయెరా వల బదులు గోడ పెట్టాడు, అంతే. కానీ ఆ 'అంతే'లోనే ఆట మొత్తం మారిపోయింది.

ఎలాగంటే, బంతి మిమ్మల్ని దాటిపోయాక కూడా పాయింటు బతికే ఉంటుంది. ముందు నేల మీద పడి, తర్వాత వెనక గోడకి తగిలి, మళ్లీ మీ దగ్గరకే వస్తుంది. పరుగెత్తడం కన్నా తిరిగి నిలబడి ఆగడం ముఖ్యం. బాడ్మింటన్ ఆడి పెరిగిన హైదరాబాదు పిల్లలకి ఇది మరీ కష్టం. నేలకి తగిలితే పాయింటు పోయినట్టే అని ఒళ్లంతా నేర్చేసుకుని ఉంటుంది కదా! ఆ అలవాటునే మొదటి గంటలో వదిలించుకోవాలి. సర్వీసు మాత్రం హాయి. బంతిని ఒకసారి నేలకి కొట్టి, నడుము ఎత్తు దాటకుండా కింది నుంచి కొట్టాలి. టెన్నిస్‌లో సర్వీసు నేర్చుకోవడానికే నెలలు పోతాయి. ఇక్కడ మొదటి రోజే నలుగురూ ఆడేస్తారు.

ఇంత తేలిగ్గా వచ్చే ఆట చాలాకాలం గేట్ల వెనకే ఉండిపోయింది. కోర్కుయెరా స్నేహితుడు, రాచకుటుంబీకుడు అల్ఫోన్సో హోహెన్‌లోహె అకపుల్కోలో దీన్ని చూసి, 1974లో స్పెయిన్‌లోని తన మార్బెయా క్లబ్‌లో రెండు కోర్టులు కట్టించాడు. ఆ క్లబ్ పరిచయాల ద్వారానే అది అర్జెంటీనాకి చేరింది. అక్కడ మాత్రం క్లబ్బు దాటి వీధుల్లోకి వచ్చింది. సిమెంటు గోడలతో ఎక్కడ పడితే అక్కడ కోర్టులు లేచాయి. ఆ మోజు 1990ల్లో చల్లారి చాలా కోర్టులు మూతపడ్డాయి, నిజమే. అయినా నన్నడిగితే ఈ చరిత్రలో గొప్ప ఘట్టం అదే. ఇప్పటి అద్దాల గోడలు చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటి ఖర్చంతా గంట అద్దెలో తేలుతుంది, మన నగరాల్లో ఆ అద్దె కట్టగలిగేవాళ్లెవరో చెప్పక్కర్లేదు. సిమెంటు గోడకీ బంతి అలాగే తిరిగొస్తుంది.

సరే, క్లాసుకి వెళ్తున్నారుగా. బ్యాట్ పిడికి ఉన్న తాడుని మణికట్టుకి తప్పకుండా తగిలించుకోండి, అది నిబంధన కూడా. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న పెట్టెలో నలుగురుంటారు. చెయ్యి జారిన బ్యాట్ వాళ్లలో ఎవరికో ఒకరికి తగలొచ్చు.